వద్దంటాడేమోనని

ధవళేశ్వరంలో మా పెరటి వసారాలో కూర్చుంటే వరద రోజుల్లో గోదారి హోరు ఇంటి మాటల్లో కలిసిపోతుంది. ఆ రోజు బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేసి ఉన్నాయి. భీమవరం నుంచి మా అన్నయ్య కొడుకు వచ్చాడు. వాడు రొయ్యలు కొనే ఏజెంటు. నేను ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని. పక్కింటి పిల్లకి చెబుదామని తీసిన నీతిచంద్రిక బల్ల మీద ఉంది. చిన్నయసూరి 1853లో అచ్చు వేయించిన పుస్తకం. మిత్రభేదం దగ్గర కాగితం మడిచి పెట్టాను. వాడు అది తెరవడంతో మాట మొదలైంది. తర్వాత ఇదంతా రాసి వాడికి వినిపిస్తే, తన మాటల్ని మెత్తబరచొద్దన్నాడు. అలాగే ఉంచాను.

మేనల్లుడు: అత్తా, ఈ దమనకుణ్ణి అందరూ తిట్టేవాళ్ళే. నాకు మాత్రం ఆ కథలో బుర్ర ఉన్నవాడు వాడొక్కడే అనిపిస్తుంది. సింహం చూస్తే రాజు. ఎద్దు చూస్తే రాజుగారి నెచ్చెలికాడు. మధ్యలో ఒక నక్క వెళ్ళి ఉన్నమాట చెబితే ఎవరు వింటారు? నిజంతో పని జరగదని తెలుసుకుని వేరే దారి పట్టాడు. అంతేగా?

నేను: నిజంతో పని జరగదని వాడికెలా తెలిసింది? చెప్పి చూశాడా?

మేనల్లుడు: చెప్పి చూడక్కర్లేదు. లోకం తెలిసినవాడు.

నేను: చెప్పి చూశాడురా. కథ మొదట్లోనే చూశాడు. సంజీవకుడి రంకె విని సింహం బెదిరిపోయి కూర్చుంటే, కొలువులో ఏ పదవీ లేని దమనకుడే ధైర్యం చేసి దగ్గరికి వెళ్ళాడు. రాజు నోటితోనే భయం చెప్పించాడు. వెళ్ళి చూసొచ్చి, అది ఎద్దు రంకె అన్నాడు. అభయం ఇప్పించి ఎద్దుని తీసుకొచ్చి కలిపాడు. రాజు విన్నాడు, ఎద్దూ విన్నాడు. మాటతో ఒప్పించడం చేతకాని వాడు కాదు దమనకుడు. అడవిలో అందరికన్నా బాగా చేతనైనవాడు.

మేనల్లుడు: అప్పుడు కూడా కాస్త ఉప్పూ కారం దట్టించే చెప్పాడుగా. ఎద్దుని కొండంత చేసి చూపించాడు, తన గొప్ప రాజుకి తెలియాలని.

నేను: దట్టించాడు, కాదనను. కానీ సింహం లేచి నాలుగడుగులు వేసి చూస్తే అక్కడ ఎద్దే కనబడేది. రాజు వెళ్ళి చూసుకోగలిగిన మాట అది. నేనడిగేది రెండోసారి సంగతి. మొదటిసారి మాటతో గెలిచినవాడు రెండోసారి మాట ఎందుకు మానేశాడు?

మేనల్లుడు: రెండోసారి పని పెద్దది.

నేను: పని పెద్దది కాదు, బయటికి అనలేనిది. సింహం, ఎద్దు స్నేహంలో పడ్డాక దమనకుణ్ణి పలకరించేవాడు లేడు. వాడి కడుపులో ఉన్న మాట ఒక్కటే: ‘ప్రభూ, ఈ ఎద్దు వచ్చాక మీరు నన్ను చూడట్లేదు. నాకు బాధగా ఉంది, నా చోటు నాకివ్వండి.’ ఆ మాట అనాలంటే రాజు ముందు చెయ్యి చాపాలి. రాజు ‘చూద్దాంలే’ అనొచ్చు. ‘నీ అవసరం తీరింది, వెళ్ళు’ అనొచ్చు. ఆ ‘వెళ్ళు’ అనే మాట తన చెవిన పడే దారి అసలు లేకుండా చేసుకున్నాడు. అదిరా వాడి తెలివి.

మేనల్లుడు: అంటే పిరికివాడంటావు.

నేను: పిరికితనం అన్నది చిన్న మాట. ఎదుటివాడు వద్దనగలడు అనే సంగతినే ఓర్వలేని గుణం. దానికి నా దగ్గర పేరు లేదు.

మేనల్లుడు: పుస్తకంలో నక్కలకి ఏ గుణమైనా అంటగట్టొచ్చు. నా సంగతి చెబుతాను, దీనికి చెప్పు. మొన్న ఏప్రిల్లో ఆకివీడు అవతల ఒక చెరువు. వనామి. తొంభై కౌంటు పడుతోంది, అంటే కిలోకి తొంభై రొయ్యలు. ఇంకో నెల మేపితే యాభై, అరవైకి దిగేది. రైతుకి అదీ లాభం. కానీ ఆ రాత్రి నా వ్యానులో టన్ను ఖాళీ ఉంది. కంపెనీకి మాటిచ్చాను. సాయంత్రం చెరువు గట్టు మీదికి వెళ్ళి, చెక్ ట్రే లేపి చూశాను. మేత కొంచెం మిగిలి ఉంది. ‘పక్క ఆయకట్టులో వైట్ స్పాట్ రోగం పడిందంటున్నారు, విన్నారా?’ అన్నాను. అంతే. ఇంకేం అనలేదు. అతను ట్రే వంక చూశాడు, నా వంక చూశాడు. రెండు నిమిషాలు ఏరేటర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ‘ఆయ్, అయితే ఈ రాత్రికే పట్టేద్దామండి’ అన్నాడు. తెల్లారేసరికి ఐసు పెట్టెల్లోకి ఎక్కించేశాం.

నేను: పక్క ఆయకట్టులో పడిందా?

మేనల్లుడు: ఎక్కడో ఒకచోట పడుతూనే ఉంటుంది.

నేను: పక్కన పడిందా?

మేనల్లుడు: లేదు.

నేను: మేత ఎందుకు మిగిలింది?

మేనల్లుడు: మబ్బు పట్టిన రోజు. పైగా అమావాస్య దగ్గర. గుల్ల విడిచే టైములో రొయ్య సరిగ్గా తినదు. అతనికీ తెలుసు ఆ సంగతి. నేను ఆ మాట అన్నాక మర్చిపోయాడు.

నేను: ఇదిగో, ఈ పేజీ చూడు. దమనకుడు సింహం దగ్గరికి వెళ్ళి ఎద్దు నీ మీద ఎత్తుకొస్తున్నాడన్నాడు. ఎద్దు దగ్గరికి వెళ్ళి సింహం నిన్ను తినాలనుకుంటోందన్నాడు. అక్కడితో ఆగితే ఇద్దరూ నమ్మేవాళ్ళు కాదేమో. ఎలా నిలబడతాడో చూడు, ఎలా చూస్తాడో చూడు, అప్పుడు నీకే తెలుస్తుంది అని గుర్తులు చెప్పాడు. బెదిరిన ఎద్దు బెదిరినట్టే నిలబడుతుంది. అనుమానపడ్డ సింహం అనుమానంగానే చూస్తుంది. ఇద్దరికీ కళ్ళెదుట సాక్ష్యం దొరికింది. గుర్తు నిజమే, దాని అర్థం మాత్రం వాడు పెట్టింది. నీ చెక్ ట్రేలో మేతా అంతే. అది మిగలడం నిజం. అందుకే ఆ రైతు నిన్ను నమ్మానని అనుకోలేదు, తన కళ్ళని నమ్మాననుకున్నాడు.

మేనల్లుడు: అలా అంటే నువ్వు లోకంలో ఎవర్నీ భయపెట్టకూడదు. ఇవాళ బ్యారేజీ దగ్గర పదకొండు ముప్పావు అడుగులు దాటిందని మైకులో చెబుతున్నారు, మొదటి ప్రమాద హెచ్చరిక అని. లంకల్లో జనం గేదెల్ని తోలుకుని గట్టెక్కుతున్నారు. అదీ భయపెట్టడమేగా? భయపెట్టి కదిలించడమేగా?

నేను: భయపెట్టడమే. కానీ 11.75 అన్నది కొలబద్ద మీద రాసి ఉన్న అంకె. 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఎవడైనా వెళ్ళి చూసుకోవచ్చు. నాలుగు ఊళ్ళకి ఫోన్ చేసి కనుక్కోవచ్చు. చూసుకున్నాక కూడా ‘నేను కదలను’ అని మొండికేసే ముసలాళ్ళు ప్రతి లంకలోనూ ఉంటారు, వాళ్ళని బతిమాలతారు. చెప్పినవాడికి ఇందులో ఖాళీ వ్యాను లేదు. నువ్వు చెప్పిన భయాన్ని ఆ రైతు వెళ్ళి చూసుకునే వీలు ఉందా? చీకటి పడింది, వ్యాను ఆగి ఉంది. వీలు లేకుండా చూసే చెప్పావు.

మేనల్లుడు: సరే. అతనితో నిజం చెప్పాలంటే ఏం చెప్పాలి? నువ్వే చెప్పు.

నేను: నాకు రొయ్యల బేరం తెలియదు. నువ్వే చెప్పాలి.

మేనల్లుడు: ‘నాకీ రాత్రి ఒక టన్ను తక్కువైంది. మీ సరుకు పట్టే టైము కాదని తెలుసు. కిలోకి పదో పరకో ఎక్కువిస్తాను, పడతారా?’

నేను: బ్రహ్మాండంగా ఉంది. ఇందులో ఏం కష్టం?

మేనల్లుడు: నా అవసరం అతనికి తెలిసిపోతుంది. పది అంటే ముప్పై అడుగుతాడు. లేదంటే, ‘వద్దండి, నెల ఆగుతాను’ అంటాడు.

నేను: అంటాడు.

మేనల్లుడు: అంటే నా వ్యాను ఖాళీగా వెళ్ళాలి. ఇదంతా నీకు వసారాలో కూర్చుని మాట్లాడుకునే విషయం అత్తా. నాకు ఆ రాత్రి పదకొండింటికి డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఒప్పించడానికి టైము కావాలి. టైము ఉన్నవాళ్ళది ఆ నీతి.

నేను: టైము మాట నిజం. ఎంత పడుతుందో ఈ ఊళ్ళో నీకు చెప్పక్కర్లేదు. కాటన్ దొర గోదారికి ఆనకట్ట కడదామని 1844లో నివేదిక రాసిచ్చాడు. పని మొదలైంది 1847లో. పూర్తయింది 1852లో.

మేనల్లుడు: ఆయనేమైనా జాలి చూపించి ఒప్పించాడా? కంపెనీవాళ్ళకి శిస్తు పెరుగుతుందని ఆశ చూపించాడు. నేను భయం చూపించాను, ఆయన ఆశ చూపించాడు.

నేను: ఎదుటివాడి లాభం చెప్పడం తప్పెప్పుడైంది? చూపించింది లెక్కలతో. ఎంత నేల తడుస్తుంది, ఎంత ఖర్చు, ఎంత రాబడి. ఆ లెక్క తప్పని తేల్చి, కాగితం ఆయన మొహాన కొట్టే వీలు మద్రాసులో వాళ్ళకుంది. ఆ వీలు వాళ్ళ చేతిలో పెట్టి కూర్చున్నాడు, అదే నాకు గొప్ప. డెల్టా అంతా ఆయన విగ్రహాలు పెట్టుకున్నాం. గుర్రం మీద ఉన్న దొరనే చూస్తాం గానీ, జవాబు కోసం ఎదురుచూసిన మనిషిని చూడం.

మేనల్లుడు: మరి మాట నిజమే అయి, మనిషి దొంగైతే? అప్పుడేమంటావు? కన్యాశుల్కంలో గిరీశం బుచ్చమ్మకి చెప్పినవన్నీ వీరేశలింగం గారు చెప్పినవేగా. వితంతువుకి పెళ్ళి చెయ్యాలి, శాస్త్రం ఒప్పుకుంటుంది. అందులో అబద్ధం ఏముంది?

నేను: నువ్వు ఇది అడిగావు చూడు, నాకు చాలా సంతోషంగా ఉంది. పాతికేళ్ళు ఆ నాటకం పాఠం చెప్పాను. ఇదే ప్రశ్న దగ్గర క్లాసు ఆగిపోయేది. మాటలు రెండు చోట్లా ఒకటే. రాజమండ్రిలో పంతులుగారు శాస్త్రాలు తిరగేశారు, ఉపన్యాసాలిచ్చారు, అచ్చు వేయించి పంచారు. ఎదిరి పండితులు ఖండిస్తే మళ్ళీ జవాబు రాశారు. వెలివేశారు, పడ్డారు. 1881 డిసెంబరు 11న మొదటి పెళ్ళి చేయించారు. ఊరు ఊరంతా ప్రశ్నలడిగే చోట నిలబడి చెప్పారు. గిరీశం ఆ మాటల్నే పట్టుకెళ్ళి, అడిగేవాళ్ళు లేని చోట, అడగడం ఎవరూ నేర్పని పిల్ల చెవిలో వేశాడు. వితంతు వివాహం మంచిదా కాదా అన్న ప్రశ్నకి వాడి దగ్గర జవాబుంది. ‘నువ్వెవరు, ఇంతవరకు ఎక్కడున్నావు, మధురవాణి ఎవరు?’ అన్న ప్రశ్నకి లేదు. ఆ ప్రశ్న పుట్టకుండా ఈ ప్రశ్నతో గది నింపేశాడు. చివర సౌజన్యారావు పంతులు ముందు బండారం బయటపడ్డప్పుడు కూలిపోయింది సంఘసంస్కరణ కాదు, గిరీశం.

మేనల్లుడు: నాకు ఇంకో మాటుంది. మోసపోయేవాడి పాత్ర ఏం లేదా? మీ పంతులుగారిదే రాజశేఖర చరిత్రం. మన ధవళేశ్వరంలోనే మొదలవుతుంది కదా. బైరాగి బంగారం చేస్తానంటే ఇంట్లో ఉన్న బంగారం, వెండి తెచ్చి ఇచ్చాడు రాజశేఖరుడు. ఎవడు ఇమ్మన్నాడు? ఆశ.

నేను: ఆశే. పంతులుగారు అది దాచలేదు. 1878లో వివేకవర్ధని పత్రికలో ఆ కథ వేస్తూ, రాజశేఖరుడు పొగడ్తకి లొంగే మనిషని మొదట్నుంచీ చూపిస్తూ వచ్చారు. తలుపు లోపలివాడే తీసి పెట్టాడని నువ్వంటున్నావు. అయినా వచ్చినవాడు దొంగే కదా? మెతక మనిషి దొరికితే మోసగాడికి పని సులువవుతుంది. వాడు మోసం ఎందుకు ఎంచుకున్నాడన్నదానికి అది జవాబు కాదు. పైగా నీ రైతుది ఆశ కాదు. నీ మీద నమ్మకం. మూడు పంటలు నీకే పట్టాడని ఇదివరకు చెప్పావు. కౌంటులో ఎప్పుడూ తేడా చెయ్యలేదు నువ్వు, డబ్బు టైముకి ఇచ్చావు. ఊరూ పేరూ తెలియనివాడొచ్చి వైట్ స్పాట్ అంటే అతను నవ్వి పంపేసేవాడు. మూడు పంటలు నిజం చెప్పి కూడబెట్టింది ఒక్క సాయంత్రం ఖర్చుపెట్టావు.

మేనల్లుడు: నానమ్మ విషయంలో నువ్వేం చేశావత్తా?

నేను: ఏం చేశాను?

మేనల్లుడు: కోటిలింగాల రేవుకి స్నానానికి వెళ్దామని చెప్పి, రాజమండ్రి తీసుకెళ్ళి, శుక్లాల ఆపరేషన్‌కి ఆసుపత్రిలో కూర్చోబెట్టావు. నేను కారులో ఉన్నాను. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆవిడ చేతిలో తడిబట్టల సంచీ ఉంది. నీకు వ్యాను లేదు, కౌంటు లేదు. నువ్వేం చెడ్డదానివి కాదు. మరెందుకు చేశావు?

చాలాసేపు నేనేమీ అనలేదు. వాడూ తొందరపెట్టలేదు.

నేను: చేశాను. ఆవిడ మంచికే అని చెప్పుకున్నాను. కళ్ళు బాగుపడ్డాయి, బియ్యంలో మట్టిబెడ్డలు ఏరుకుంటూ మురిసిపోయేది. ఆ తర్వాత ఆరేళ్ళు బతికింది. ఆ ఆరేళ్ళూ ఎక్కడికి బయల్దేరదీసినా చెప్పులు వేసుకోకుండా గుమ్మంలో నిలబడి, ‘నిజంగా అక్కడికేనా అమ్మాయ్?’ అని నా మొహంలోకి చూసేది. గుడికైనా, మీ ఇంటికైనా. కొత్తగా వచ్చిన చూపుతో ఆవిడ మొదట వెతికింది నా మొహంలో అబద్ధాన్ని.

మేనల్లుడు: చెబితే ఒప్పుకునేది కాదుగా.

నేను: నేనూ అదే అనుకున్నాను. కత్తంటే భయం అనుకున్నాను. చాలా రోజులకి ఒకసారి తనే చెప్పింది. కత్తి గురించి కాదట. కళ్ళకి కట్టు కట్టి పడుకోబెడితే, మడి లేకుండా ఎవరి చేతి అన్నం తినాలో అని. నేను మడి కట్టుకుని వండి, నా చేత్తో పెడతానంటే వచ్చేది. నిజంగా వచ్చేది. ఆ మాట తెలియాలంటే ఆవిడ దగ్గర నాలుగు రోజులు కూర్చుని, వద్దు వద్దంటుంటే వినాలి. సెలవు పెట్టాలి, విసుక్కోకూడదు. వినే ఓపిక నాకు లేక రేవు పేరు చెప్పాను. ఒప్పించడమంటే మనం మాట్లాడటం అనుకుంటాం. సగం పైగా వినడమేరా అది. విన్నాక మనం అనుకున్నదే మారిపోవచ్చు. ఆపరేషన్ ఇంకో నెలకి పడొచ్చు, ఇంకో ఊళ్ళో పడొచ్చు. రేవు పేరు చెబితే నేను ఏమీ మారక్కర్లేదు.

మేనల్లుడు: అంటే నువ్వూ దమనకుడివే అంటావా?

నేను: ఆ ఒక్కరోజు అవును. తేడా ఏమైనా ఉంటే, గుమ్మంలో ఆవిడ అలా చూసినప్పుడల్లా నాకు గుచ్చుకునేది. దమనకుడి కథలో తోటి నక్క కరటకుడు చీవాట్లు పెడతాడు. వాడికి గుచ్చుకోదు. గుచ్చుకోవడం ఆగిపోయిన మనిషికి తర్వాతి మాయ ఇంకా తేలిక. నిజం చెప్పే అలవాటే పోతుంది. ఆఖరికి నిజం చెప్పినా పని జరిగే చోట కూడా వాడు మాయే చేస్తాడు. అలాంటివాళ్ళని నువ్వూ చూశావు, నేనూ చూశాను. చేపల కూరకి చింతపండు అడగడానికి కూడా కథ అల్లేవాళ్ళని.

మేనల్లుడు: నేను ఒప్పుకోను. పూర్తిగా ఒప్పుకోను. మార్కెట్లో అందరూ కార్డులు మూసుకుని ఆడుతున్నప్పుడు నేనొక్కణ్ణీ తెరిచి పెడితే నాలుగు నెలల్లో ఊరొదిలిపోవాలి.

నేను: నీ అవసరం చెప్పకుండా ఉండు. ఎంతకి కొనగలవో చెప్పకుండా ఉండు. బేరంలో నోరు మూసుకోవడాన్ని ఎవరూ తప్పు పట్టరు, అవతలివాడూ మూసుకునే ఉంటాడు. లేని రోగాన్ని అతని చెరువులో వెయ్యడం నోరు మూసుకోవడం కాదు.

వరద నీటి మీద నుంచి గాలి తిరిగింది. తడి మట్టి వాసన వసారాలోకి వచ్చింది. వాడు లేచి పుస్తకం మూశాడు. నేను మడిచిన కాగితాన్ని మడిచినట్టే ఉంచాడు.

మేనల్లుడు: అతను ఈ పంటకి నాకు ఫోన్ చెయ్యలేదత్తా. ఇంకెవరికో పడుతున్నాడేమో. మొన్న గట్టు మీద కనబడితే, కౌంటు ఎంత వచ్చిందండీ అన్నాను. ‘చూడాలండి’ అన్నాడు. గేటు తాళం వేసి ఉంది, తియ్యలేదు.

నేను: అతనికి తెలిసిందా?

మేనల్లుడు: పక్క ఆయకట్టువాళ్ళు నెలన్నర తర్వాత పట్టారు. యాభై కౌంటు. తెలియకుండా ఎలా ఉంటుంది?

నేను: నువ్వు చెప్పలేదు.

మేనల్లుడు: ఏమని చెప్పను? రేపు వెళ్ళి, ఆ రోజు వైట్ స్పాట్ లేదండీ, నా వ్యాను ఖాళీగా ఉంది అని చెబితే... నెల నష్టం నేను కట్టిస్తానంటే... గేటు తీస్తాడంటావా?

నేను: తియ్యకపోవచ్చురా.